మూత్రాశయంలో గడ్డ: ఏ పరీక్ష, ఏ ఆపరేషన్, ఎవరికి ఏది

నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వచ్చింది. రెండు రోజుల్లో దానంతట అదే తగ్గింది. స్కానింగ్ తీస్తే మూత్రాశయం గోడకు 2 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. తికమక అక్కడి నుంచే మొదలు. ఒక డాక్టరు సీటీ తీయించమంటారు, ఇంకొకరు నేరుగా ఆపరేషన్‌కు చేరమంటారు. ఒకచోట బైపోలార్ మిషన్ ఉందంటారు, పక్క ఆసుపత్రి బోర్డు మీద లేజర్ అని పెద్దక్షరాలతో ఉంటుంది.

మిషన్ పేరు చూసి ఆసుపత్రిని ఎంచుకోవడం మూత్రాశయ క్యాన్సర్ అనుమానమున్న ఇలాంటి గడ్డల్లో తరచూ జరిగే పొరపాటు. అడగాల్సినవి రెండే ప్రశ్నలు. మొదటి ఆపరేషన్‌లో గడ్డ మొత్తం వస్తుందా? దాని అడుగున ఉన్న కండరం ముక్క ల్యాబ్‌కు చేరుతుందా? మీ గడ్డ సైజుకు, అది ఉన్న చోటుకు, మీ ఒంటి పరిస్థితికి ఈ రెండూ ఏ పద్ధతిలో బాగా కుదిరితే అదే మీకు సరైన పద్ధతి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మూత్రాశయం గోడలో లోపలి నుంచి బయటికి మూడు పొరలు. మొదటిది మూత్రానికి తగిలే పలుచటి పొర. దాని కింద రక్తనాళాలుండే మెత్తటి పొర, దాన్ని లామినా ప్రోప్రియా అంటారు. ఆ కింద మందపాటి కండరం, డెట్రూసర్. గడ్డ మొదటి పొరలోనే ఉంటే టీఏ, రెండో పొరలోకి దిగితే టీ1, కండరంలోకి పోతే టీ2. బయటపడేటప్పటికి నాలుగింట మూడు వంతుల గడ్డలు కండరం దాకా పోయి ఉండవు. వీటిని మూత్రమార్గం గుండా గోకి తీసేయవచ్చు. కండరంలోకి దిగితే వైద్యం దారి మొత్తం మారిపోతుంది.

ఏది ఎంచుకున్నా తూచాల్సినవి ఇవి:

- గడ్డ ఎంత లోతుకు పోయిందో తేలుతుందా
- గడ్డ సైజు, సంఖ్య, మూత్రాశయంలో అది ఉన్న చోటు (పక్క గోడా, పైకప్పా, కిడ్నీ నుంచి వచ్చే నాళం ముఖం దగ్గరా)
- క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత, గుండెకు స్టెంట్ లేదా పేస్‌మేకర్ ఉందా, రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతున్నారా
- మూడు నెలలకోసారి అదే ఆసుపత్రికి తిరిగి రాగలరా

నాలుగోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఈ జబ్బు తిరగబెట్టే రకం. ఊరికి 300 కిలోమీటర్ల దూరంలో అద్భుతంగా ఆపరేషన్ చేయించుకుని తర్వాత చెకప్‌కు పోని మనిషి కన్నా, జిల్లా కేంద్రంలో మామూలు పద్ధతిలో చేయించుకుని ప్రతిసారీ వెళ్లే మనిషికే ఫలితం బాగుంటుంది.

## పరీక్షలు: ఏది ఎంత చెబుతుంది

| పరీక్ష | బాగా పట్టేది | తప్పిపోయేది | ముందుగా చూసుకోవాల్సింది |
|---|---|---|---|
| అల్ట్రాసౌండ్ | 1 సెం.మీ. దాటిన గడ్డ, కిడ్నీ వాపు | చిన్నవి, గోడకు అంటుకుపోయిన చదును మచ్చలు (ఇవీ క్యాన్సరే కావచ్చు) | మూత్రాశయం నిండుగా ఉండాలి |
| సైటాలజీ (మూత్రంలోని కణాల పరీక్ష) | హై గ్రేడ్ (దూకుడు రకం) కణాలు | లో గ్రేడ్ (నెమ్మది రకం) గడ్డలు | పొద్దున్నే పోసే మొదటి మూత్రం ఇవ్వకూడదు |
| సీటీ యూరోగ్రామ్ (డై ఎక్కించి తీసే సీటీ) | కిడ్నీ, మూత్రనాళాల్లో గడ్డలు, లింఫ్ గ్రంథులు | టీఏ, టీ1 తేడా | క్రియాటినిన్ |
| ఎంఆర్ఐ | కండరంలోకి దిగిందా అన్నది | చిన్న చదును మచ్చలు | ఆపరేషన్‌కు ముందే తీయాలి |
| సిస్టోస్కోపీ (కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూడటం) | కంటికి కనిపించే ప్రతి గడ్డ | కొన్ని చదును మచ్చలు | మూత్రంలో ఇన్ఫెక్షన్ లేకుండా ఉండాలి |

అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టడం సబబే. కానీ సగం నిండిన మూత్రాశయంతో తీసిన స్కాన్‌లో ‘గడ్డ లేదు’ అని వస్తే దాన్ని నమ్మలేం, గోడ ముడతల్లో గడ్డ దాక్కుంటుంది. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. రక్తం గడ్డకట్టి ముద్దయితే అదీ కణితిలాగే కనిపిస్తుంది. పక్కకు తిరిగి పడుకోమని మళ్లీ చూస్తే రక్తపు ముద్ద జారుతుంది, కణితి కదలదు. డాప్లర్ పెడితే కణితిలో రక్తప్రవాహం తెలుస్తుంది. వయసు మళ్లిన మగవాళ్లలో లోపలికి పొడుచుకొచ్చిన ప్రోస్టేట్ భాగాన్ని కూడా గడ్డ అని రాసేస్తుంటారు.

ఆడవాళ్లలో ఇంకో ఆలస్యం ఉంది. మూత్రంలో రక్తం అనగానే ఇన్ఫెక్షనే అనుకుని కోర్సు మీద కోర్సు యాంటీబయాటిక్స్ వాడిస్తారు. కల్చర్‌లో ఏ సూక్ష్మజీవీ పెరగలేదు, రక్తం మాత్రం మళ్లీ కనబడింది అంటే మాత్రలు ఆపి లోపల చూడాల్సిందే.

సైటాలజీ చవక. పాజిటివ్ వస్తే నమ్మదగినది, నెగెటివ్ వస్తే గడ్డ లేదని కాదు. రాత్రంతా మూత్రంలో నానిన కణాలు చెడిపోతాయి కాబట్టి పొద్దున మొదటి మూత్రం పనికిరాదు.

సీటీ యూరోగ్రామ్ ఎప్పుడు తీశారన్నది చాలా ముఖ్యం. గడ్డను గోకిన తర్వాత గోడ ఉబ్బి, చుట్టూ కొవ్వు చెదిరినట్టు కనిపిస్తుంది. అప్పుడు తీసిన సీటీలో చిన్న గడ్డ కూడా బయటికి పాకినట్టు చదువుతారు. ఎంఆర్ఐకీ ఇదే సూత్రం. 2018లో వచ్చిన విరాడ్స్ పద్ధతిలో ఎంఆర్ఐ చూసి 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. 1, 2 అంటే కండరంలోకి దిగే అవకాశం తక్కువ, 4, 5 అంటే ఎక్కువ. 1 సెంటీమీటరుండి కాడతో వేలాడే గడ్డకు ఎంఆర్ఐ ఖర్చు దండగ. వెడల్పాటి మొదలుతో 3 సెంటీమీటర్లు దాటినదైతే ఆ ఖర్చు పెట్టడం న్యాయమే.

సిస్టోస్కోపీలో రెండు రకాలు. వంగే గొట్టం దాదాపు 16 ఫ్రెంచ్, అంటే 5 మిల్లీమీటర్ల పైచిలుకు (ఫ్రెంచ్ సైజును 3తో భాగిస్తే మిల్లీమీటర్లు వస్తాయి). తిమ్మిరెక్కించే 2 శాతం లిగ్నోకెయిన్ జెల్లీ వేసి 5 నుంచి 10 నిమిషాలు ఆగితే ఓపీలోనే చూసేయవచ్చు. జెల్లీ వేసిన వెంటనే గొట్టం దించితే మంట తప్పదు, ఆ కాస్త సమయం ఆగమని అడగడంలో తప్పులేదు. వంగని గొట్టం ఎక్కువగా మత్తులో వాడతారు.

ఇక్కడ ఒక ఖర్చు మిగుల్చుకోవచ్చు. స్కాన్‌లోనో సీటీలోనో గడ్డ స్పష్టంగా కనిపించాక, ‘చూడటానికి’ విడిగా సిస్టోస్కోపీ చేయించుకోనక్కర్లేదు. ఆపరేషన్ మొదట్లో ఎలాగూ లోపలంతా చూస్తారు. స్కాన్‌లో ఏమీ లేక రక్తం మాత్రం పడుతుంటే అప్పుడు ఓపీ సిస్టోస్కోపీ తప్పదు. బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటున్నవాళ్లు, రంగులు, రబ్బరు, తోలు పరిశ్రమల్లో పనిచేసినవాళ్లు ఒక్కసారి రక్తం కనిపించినా దాన్ని వాయిదా వేయకూడదు. షుగరుకు పయోగ్లిటాజోన్ వాడుతున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మూత్రాశయ క్యాన్సర్ అనుమానంతోనే 2013 జూన్‌లో మన దేశంలో ఆ మందును ఆపి, జులై చివర్లో హెచ్చరికతో మళ్లీ అనుమతించారు.

బ్లూ లైట్, ఎన్‌బీఐ అని కూడా వినిపిస్తాయి, ఇవి లోపల చూసేటప్పుడు వాడే ప్రత్యేక వెలుగులు. బ్లూ లైట్‌కు ఆపరేషన్‌కు గంట ముందు మూత్రాశయంలోకి ఒక మందు ఎక్కించాలి. ఎన్‌బీఐకి మందు అక్కర్లేదు, కెమెరాలో మీట నొక్కితే చాలు. మామూలు వెలుగులో తప్పిపోయే చదును మచ్చలు వీటిలో తేలతాయి. అయితే బ్రిటన్‌లో జరిగి 2022లో వెలువడ్డ ఫోటో అనే పోలికలో, మూడేళ్ల దాకా చూస్తే బ్లూ లైట్ వల్ల తిరగబెట్టడం తగ్గలేదు. ఎన్‌బీఐ ఉన్నచోట ఎలాగూ వాడతారు. బ్లూ లైట్ లేదన్న ఒక్క కారణంతో మంచి సర్జన్‌ను వదులుకోవద్దు.

## గడ్డ తీసే ఆపరేషన్: మూడు దారులు

టీయూఆర్‌బీటీ అంటే కడుపు కోయకుండా, 24 నుంచి 26 ఫ్రెంచ్ గొట్టాన్ని మూత్రమార్గంలోంచి పంపి, సన్నటి తీగ ఉచ్చుతో గడ్డను కోసి తీయడం. సాధారణంగా నడుముకు మత్తు ఇస్తారు.

| | మోనోపోలార్ | బైపోలార్ | ఎన్‌బ్లాక్ (లేజర్ లేదా బైపోలార్) |
|---|---|---|---|
| లోపల పారించే ద్రవం | 1.5 శాతం గ్లైసిన్ | సెలైన్ | సెలైన్ |
| గడ్డ వచ్చే తీరు | ముక్కలుగా | ముక్కలుగా | ఒకే ముద్దగా |
| సోడియం పడిపోయే ప్రమాదం | ఉంది | దాదాపు లేదు | దాదాపు లేదు |
| కాలు ఉలిక్కిపడటం | ఎక్కువ | ఉంటుంది | లేజర్‌తో అయితే ఉండదు |
| సైజు పరిమితి | లేదు | లేదు | 3 సెం.మీ. దాటితే బయటికి తీయడం కష్టం |
| దొరికే చోటు | చాలాచోట్ల | నగరాలు, పెద్ద పట్టణాలు | కొద్దిచోట్ల |

మోనోపోలార్‌లో కరెంటు ఉచ్చు నుంచి ఒంట్లోగా పోయి తొడకు అంటించిన ప్లేటులోంచి బయటికి వెళ్తుంది. సెలైన్‌లో కరెంటు చెదిరిపోతుంది కాబట్టి గ్లైసిన్ వాడాలి. పెద్ద గడ్డను గంటకు పైగా గోకుతుంటే తెగిన రక్తనాళాల్లోంచి ఆ నీరు రక్తంలోకి చేరి సోడియం పడిపోతుంది. మనిషికి కంగారు, వాంతి, చూపు మసకబారడం మొదలవుతాయి. నడుము మత్తులో మేలుకునే ఉంటారు కాబట్టి అలా అనిపిస్తే వెంటనే మత్తు డాక్టరుకు చెప్పాలి. చిన్న గడ్డ, 20 నిమిషాల పని అయితే ఈ భయం పెట్టుకోనక్కర్లేదు.

బైపోలార్‌లో కరెంటు ఉచ్చు దగ్గరే తిరిగిపోతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, పెద్ద గడ్డలకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది మేలు. తిరగబెట్టడం మాత్రం దీనివల్ల తగ్గుతుందని ఎవరైనా చెబితే అది ప్రచారమే.

పక్క గోడ మీది గడ్డకు ఒక ప్రత్యేక చిక్కు ఉంది. ఆ గోడకు ఆనుకునే ఆబ్ట్యురేటర్ నరం పోతుంది. కరెంటు తగలగానే తొడ కండరాలు ఒక్కసారిగా ముడుచుకుని కాలు తన్నేస్తుంది. కణితిలో ఉన్న ఉచ్చు అదే క్షణంలో గోడను చీల్చేస్తుంది. నడుము మత్తు దీన్ని ఆపలేదు, ఎందుకంటే నరం ఉత్తేజితమయ్యేది మత్తు పడిన చోటుకు కింద. దీనికి మూడు విరుగుడులు: ఆ నరానికి విడిగా బ్లాక్ ఇవ్వడం, కండరాలు సడలే మందుతో పూర్తి మత్తు ఇవ్వడం, లేదా లేజర్ వాడటం. మూత్రాశయాన్ని నిండుగా నింపకుండా సగంతోనే పనిచేయడం కూడా అలవాటున్న సర్జన్లు చేస్తారు. రిపోర్టులో ‘ఎడమ పక్క గోడ’ లేదా ‘కుడి పక్క గోడ’ అని ఉంటే ‘కాలు తన్నకుండా ఏం చేస్తారు?’ అని అడగండి. తడుముకోకుండా జవాబు వస్తే మంచి చోటికే వచ్చినట్టు.

గోడ చిల్లిపడినా ఎక్కువసార్లు అది కడుపు పొరకు బయటే ఉంటుంది, పైపు కొన్ని రోజులు ఎక్కువ ఉంచితే మానుతుంది. పైకప్పు దగ్గర పడి కడుపులోకి తెరుచుకుంటే కోసి కుట్టాల్సి రావచ్చు.

ఎన్‌బ్లాక్‌లో గడ్డ చుట్టూ 5 నుంచి 10 మిల్లీమీటర్ల వదులుగా గీత గీసి, కండరం పొర దాకా దిగి, మొత్తాన్ని కిందినుంచి లేపుతారు. ల్యాబ్‌లో పాథాలజిస్టుకు పైభాగం ఏదో, అడుగు ఏదో తెలుస్తుంది. ముక్కలైతే ఆ దిక్కు పోతుంది. హాంకాంగ్‌లో జరిగి 2024లో వెలువడ్డ పోలికలో, 3 సెం.మీ. లోపు గడ్డలకు ఏడాదిలో తిరగబెట్టడం మామూలు పద్ధతిలో సుమారు 38 శాతం, ఎన్‌బ్లాక్‌లో 29 శాతం. తేడా నిజమే, కానీ ఈ పద్ధతి చేతికి అలవాటైన సర్జన్ దొరకాలి.

‘లేజర్’ అన్న మాటను మాత్రం జాగ్రత్తగా వినండి. లేజర్‌తో కోసి ముద్దగా తీయడం వేరు, లేజర్‌తో మాడ్చేయడం వేరు. మొదటిసారి కనిపించిన గడ్డను మాడ్చేస్తే ల్యాబ్‌కు పంపడానికి ఏమీ మిగలదు. టీఏనో టీ2నో ఎప్పటికీ తేలదు. పాత రిపోర్టుల్లో లో గ్రేడ్ అని తేలి, అప్పుడప్పుడూ చిన్న మొలకలుగా తిరిగొచ్చే వాళ్లకు మాత్రం ఓపీలో మాడ్చడం హాయి.

## బయాప్సీ రిపోర్టులో ఒక్క వరుస

ఆపరేషన్‌లో అడుగు భాగం నుంచి తీసిన ముక్కను వేరే సీసాలో పంపాలి. రిపోర్టులో ‘మస్కులారిస్ ప్రోప్రియా ఉంది, దానిలోకి కణితి దిగలేదు’ లేదా ‘డెట్రూసర్ కండరం ఉంది’ అని కనిపించాలి. ‘కండరం కనిపించలేదు’ అని ఉంటే గడ్డ లోతు తెలియనట్టే. పేర్లతో మోసపోకండి: మస్కులారిస్ మ్యూకోసా అనేది రెండో పొరలోనే ఉండే సన్నటి కండర పోగులు. అందులోకి దిగితే టీ1 మాత్రమే, టీ2 కాదు. ఈ రెండూ తారుమారై అక్కర్లేని పెద్ద ఆపరేషన్‌కు దారితీయవచ్చు. అనుమానముంటే పారఫిన్ బ్లాకులు (తీసిన ముక్కను భద్రపరిచే మైనపు దిమ్మలు) అడిగి తీసుకుని, హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లేదా విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట మళ్లీ చదివించుకోండి.

రెండోసారి గోకాలా అన్న ప్రశ్నా ఇక్కడే తేలుతుంది. టీ1 అయితే, మొదటిసారి మొత్తం రాకపోతే, లేదా కండరం దొరకకపోతే 2 నుంచి 6 వారాల్లో మళ్లీ చేయాలి. టీఏ లో గ్రేడ్‌కు కండరం లేకపోయినా అక్కర్లేదు. ‘ఒకసారి చేశారుగా, మళ్లీ ఎందుకు?’ అని ఇంట్లోవాళ్లు అడ్డుపడే ఘట్టమిది. టీ1లో రెండోసారి చూసినప్పుడు మూడో వంతు నుంచి సగం మందిలో గడ్డ మిగిలే ఉంటుంది. రెండో దానికి కూడా అదే ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు మీద అవుతుందా అని మొదటిసారి చేరేటప్పుడే ఆసుపత్రి డెస్క్‌లో కనుక్కోండి.

## ఆపరేషన్ అయిన రాత్రి

మూడు దారుల పైపు వేసి సెలైన్ పారిస్తారు: ఒకదాంట్లోంచి నీరు లోపలికి, ఇంకొకదాంట్లోంచి బయటికి, మూడోది బెలూన్‌కు. పక్కన కూర్చునేవాళ్లు చూడాల్సింది బ్యాగు రంగు ఒక్కటే కాదు. లోపలికి పోయినంత బయటికి వస్తోందా? సీసా ఖాళీ అవుతూ బ్యాగు నిండకపోతే, పొత్తికడుపు బిగుసుకుపోతే పైపులో రక్తపు ముద్ద అడ్డుపడినట్టు. ముందు లోపలికి పోయే నీటిని ఆపాలి, తర్వాత నర్సును పిలవాలి. పిలవడానికి పరిగెత్తి నీటిని అలాగే వదిలేస్తే, అప్పుడే గోకిన గోడ మీద ఒత్తిడి పెరిగిపోతుంది.

చిన్న గడ్డ, చూడ్డానికి లో గ్రేడ్ అనిపిస్తే 24 గంటల్లోపు, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే, మైటోమైసిన్ అనే కీమో మందు 40 మిల్లీగ్రాములు మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. ఈ ఒక్క డోసుతో అయిదేళ్లలో తిరగబెట్టే అవకాశం సుమారు 59 శాతం నుంచి 45 శాతానికి తగ్గుతుంది. చిల్లి అనుమానమున్నా, రక్తం బాగా పడుతున్నా ఇవ్వకూడదు. ఇంటికెళ్లాక 10 నుంచి 14 రోజుల మధ్య పక్కు ఊడేటప్పుడు మూత్రం మళ్లీ ఎర్రబడవచ్చు. నీళ్లు బాగా తాగితే తగ్గాలి. ముద్దలు పడినా, మూత్రం బిగదీసినా, 101 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా ఆగకండి.

## ఎవరికి ఏది

గుండెకు స్టెంట్ ఉండి క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు. మాత్ర ఆపాలా వద్దా అన్నది కార్డియాలజిస్టు కాగితం మీద రాసివ్వాలి. మామూలుగా 5 రోజుల ముందు ఆపుతారు. స్టెంట్ వేసి కొద్ది నెలలే అయితే సొంతంగా ఆపడం ప్రాణాపాయం. ఆస్పిరిన్ 75 కొనసాగిస్తూనే చాలామందికి చేస్తారు. వీళ్లకు బైపోలార్ లేదా లేజర్.

క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లు. కాంట్రాస్ట్ సీటీ బదులు ఎంఆర్ఐ, దాంతోపాటు ఆపరేషన్ బల్ల మీదే నాళాల్లోకి డై ఎక్కించి తీసే ఎక్స్‌రే సరిపోతాయి. గ్లైసిన్ వద్దు.

3 సెం.మీ. లోపు ఒకే గడ్డ, మిగతా ఆరోగ్యం బాగున్నవాళ్లు. ఎన్‌బ్లాక్ దగ్గర్లో ఉంటే అదే. లేకపోతే మోనోపోలార్ అయినా సరే, అడుగు ముక్క విడిగా పంపుతామంటే చాలు.

పెద్దవి, గుంపులుగా ఉన్నవి. బైపోలార్. ఒక్కసారిలో అవదని ముందే చెప్పే సర్జన్‌ను నమ్మండి.

హై గ్రేడ్, టీ1, చదును మచ్చలు. గోకడంతో సరిపోదు. కనీసం రెండు వారాలు ఆగి మూత్రాశయంలోకి బీసీజీ (టీబీ టీకాలో వాడేదే) ఎక్కించడం మొదలుపెడతారు: వారానికొకటి చొప్పున 6 డోసులు, తర్వాత మూడేళ్ల దాకా విడతలుగా. మూత్రంలో రక్తం కనిపిస్తున్న రోజునా, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడూ, పైపు వేయడంలో గాయమైనప్పుడూ బీసీజీ వేయకూడదు.

కండరంలోకి దిగినవాళ్లు. ఇక్కడ ఎంపిక మూత్రాశయం మొత్తం తీయించుకోవడమా, బాగా గోకి రేడియేషన్, కీమో కలిపి మూత్రాశయాన్ని నిలుపుకోవడమా అన్నది. ఒకే గడ్డ, కిడ్నీ వాపు లేదు, చదును మచ్చలు లేవు, గోకినప్పుడు మొత్తం వచ్చింది అంటే రెండో దారి అడగదగినది. అయితే జీవితాంతం సిస్టోస్కోపీలు తప్పవు. తీసేయాలంటే, కిడ్నీలు బాగుంటే ముందు సిస్‌ప్లాటిన్ కీమో ఇస్తారు. తర్వాత పేగులో 15 నుంచి 20 సెంటీమీటర్లతో కడుపు మీది బ్యాగులోకి మూత్రం వచ్చే దారి, లేదా అర మీటరు పేగుతో కొత్త మూత్రాశయం. కొత్త మూత్రాశయం బయటికి కనిపించదు, కానీ రాత్రి తడిసిపోవడం, ఒక్కోసారి సొంతంగా పైపు వేసుకోవడం భరించాలి. 75 దాటి, చేతులు వణికే మనిషికి బ్యాగే సులువు. బ్యాగు పెట్టే చోటును ఆపరేషన్‌కు ముందురోజు నిలబెట్టి, కూర్చోబెట్టి, పంచె లేదా చీర కట్టుకునే మొల వరుసను చూసి గుర్తు పెట్టించుకోండి. సరిగ్గా కట్టు బిగిసే చోట రంధ్రం పడితే రోజూ కారుతుంది.

చెకప్ తేదీలను డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోండి. మొదటి సిస్టోస్కోపీ అందరికీ 3 నెలలకు. లో గ్రేడ్ చిన్న గడ్డకు అది శుభ్రంగా ఉంటే తర్వాతది ఏడాదికి, ఆపైన ఏటా ఒకటి అయిదేళ్ల దాకా. హై గ్రేడ్‌కు రెండేళ్లు మూడు నెలలకోసారి, అయిదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏటా.